పడవ హీటరూ, బావమరిది బేస్‌మెంటూ

"మీరు సర్టిఫైడ్ టెక్నీషియనా, సర్?"

ఫోన్‌లో అమ్మాయి ఈ ప్రశ్న అడిగేసరికి నేను నలభై నిమిషాలుగా హోల్డ్ మ్యూజిక్ వింటున్నాను. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో టార్చి. పడవ వెనక బెంచీ కింద ఉన్న అరలో నడుం దాకా దూరి, కాళ్ళు మాత్రం బయట వదిలేసి ఉన్నాను. ఆ భంగిమలో ఉన్న మనిషిని సర్టిఫికెట్ అడగడానికి కూడా గుండె కావాలి.

"కాదమ్మా, మెకానిక్‌ని" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

"అయితే కవర్ తెరవకండి, సర్. డిస్‌ప్లే మీద ఏ కోడ్ వస్తోంది?"

చెప్పాను.

"యూనిట్ రీప్లేస్ చేయాలి, సర్."

"ఏం పాడైందో చూడకుండానే?"

"కోడ్ అదే చెబుతోంది, సర్."

"మంట నిలవట్లేదని చెబుతోంది కోడ్. ఆ సంగతి నాకు తెలుసు, నా ముక్కు గడ్డకట్టింది. ఎందుకు నిలవట్లేదు అన్నది కదా నేనడిగేది?"

"యూనిట్ రీప్లేస్ చేయాలి, సర్. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఇంతవరకు చేసిన సహాయం ఏమిటో చెబితే ఇంకేం కావాలో చెబుతానన్నాను. లైను కట్టయింది.

నా చదువు సంగతి ఇక్కడే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను క్లాసు బయట నిలబెట్టారు. నిలబడి నిలబడి విసుగొచ్చి అలాగే నడుచుకుంటూ కాకినాడ రేవు దాకా పోయాను. మళ్ళీ లోపలికి రమ్మని ఆయన పిలిచారో లేదో ఇప్పటికీ తెలియదు. రేవులో వేటబోట్ల ఎంజిన్లు బాగుచేసే షెడ్డులో చేరి, పాతికేళ్ళు డీజిల్లో నానాను. ఎంజిను దగ్గితే ఏ సిలిండరుకు జలుబు చేసిందో గట్టు మీద నుంచే చెప్పేవాణ్ణి. తర్వాత మా ఆవిడ తమ్ముడు అక్క కోసం వేసిన పిటిషన్ ఏళ్ళ తరబడి కదిలి కదిలి, చివరికి మమ్మల్ని న్యూజెర్సీలో దించింది. ఇప్పుడు ఎడిసన్ పక్కన ట్రక్కుల గ్యారేజీలో పని. అక్కడా డీజిలే. ఒక్క దేశమూ నన్ను వేరే నూనెలో ముంచలేదు.

అలాంటివాణ్ణి, చెప్పుల పెట్టె కంటే కాస్త పెద్దదైన హీటరు ఒకటి పది రోజులుగా ఏడిపిస్తోంది. బటన్ నొక్కితే ఫ్యాను తిరుగుతుంది. పంపు టిక్కు టిక్కుమని డీజిల్‌ని చుక్కచుక్కగా తోస్తుంది. పడవ పక్కనున్న గొట్టంలోంచి తెల్లటి పొగ వస్తుంది. లోపల మంట అంటుకుంటుంది, హుమ్మని ఆశపెడుతుంది. మూడు నిమిషాలు తిరక్కుండా చచ్చిపోయి, కోడ్ చూపించి, మనమేదో తప్పు చేసినట్టు ఎర్ర లైటు మిటకరిస్తుంది.

పడవలో హీటరేమిటి అంటారేమో. మేముండేదే పడవలో. గ్యారేజీకి వచ్చే ఒక ముసలాయన తన పాత పడవను ఇక నడపలేనని నాకు వదిలించుకున్నాడు. ముప్పై నాలుగు అడుగులు. ఒక పడకగది, ఒక వంటమూల, నిలబడితే మోచేతులు రెండు గోడలకూ తగిలే బాత్రూము. ఎడిసన్‌కి అరగంట దూరంలో, సముద్రపు పాయ ఒడ్డున చిన్న రేవులో కట్టేసి ఉంటుంది. కిందటి సెప్టెంబరులో సామాను ఎక్కించి కాపురం పెట్టాం. హీటరు నేనే కొని, నేనే బిగించాను. డిసెంబరు దాకా పెంపుడు పిల్లిలా గుర్రుమంటూ పనిచేసింది. జనవరి చలి మొదలయ్యాక, సరిగ్గా అవసరం పడ్డప్పుడు, చుట్టంలా మొహం చాటేసింది.

మామూలు రోజుల్లో అయితే తీరిగ్గా తిట్టుకుంటూ బాగుచేసుకునేవాణ్ణి. కానీ రేవు మేనేజరమ్మ తలుపుకి కాగితం అంటించి పోయింది. చలికాలంలో పడవల్లో కాపురం ఉండేవాళ్ళు ప్లగ్గులో పెట్టే కరెంటు హీటర్లు వాడకూడదు. అంతకుముందు ఒక పడవలో దానివల్లే వైర్లు కాలాయట. కాబట్టి పడవకే బిగించిన హీటరు ఉండాలి, ఆమె ఎదురుగా గంటసేపు ఆగకుండా మండాలి. మా వంతు శనివారం పొద్దున పదింటికి. మండకపోతే చలికాలం పోయేదాకా పడవలో పడుకోవడానికి వీల్లేదు.

పడవలో పడుకోకపోతే ఎక్కడికి పోతాం? బావమరిది బేస్‌మెంట్‌కి. అదీ నా బాధ.

ఆ బేస్‌మెంట్ చెడ్డదని అనను. బావమరిది చెడ్డవాడనీ అనను, మా ఆవిడ ఇది చదువుతుంది. మూడేళ్ళు ఉన్నాం. అన్నం పెట్టాడు, కారు నేర్పాడు, లైసెన్సు ఇప్పించాడు. కానీ ఆ బేస్‌మెంట్ థర్మోస్టాట్ అతని ఫోన్‌లో ఉండేది. అతను ఆఫీసులో మీటింగ్‌లో కూర్చుని, ఇక్కడ కింద మా వేడిని అరవై నాలుగు డిగ్రీలకు దించేవాడు, ఫారెన్‌హీట్ లెక్కలో, మన ఊరి లెక్కలో పద్దెనిమిది. నేను వెళ్ళి గోడ మీదున్న డబ్బా నొక్కి అరవై ఎనిమిది చేసేవాణ్ణి. అరనిమిషంలో అది తనంతట తానే మళ్ళీ అరవై నాలుగు. మొదటివారం మా ఆవిడ దెయ్యముందేమో అంది. దెయ్యమైతే నిమ్మకాయ తిప్పి బతిమాలుకోవచ్చు. బావమరిదిని ఏం చేస్తాం? ఒకరోజు మొహం మీదే అడిగాను. "ఆప్టిమైజ్ చేశాను బావా, స్వెటర్ వేసుకుంటే సరిపోద్ది" అన్నాడు. కాకినాడలో పుట్టినవాడికి స్వెటర్ వేసి దాన్ని ఆప్టిమైజ్ అనడం నేను మర్చిపోలేదు.

అందుకే పడవలోకి మారిన రోజు అందరి ముందూ, పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని, చిన్న ఉపన్యాసం ఇచ్చాను. మనిషికి సొంత ఇల్లు లేకపోయినా పరవాలేదు, సొంత మంట ఉండాలి అన్నాను. బావమరిది కూడా చప్పట్లు కొట్టాడు. అంత మాట అన్నవాణ్ణి శనివారం సాయంత్రం సూట్‌కేసు పట్టుకుని ఆ మెట్లు ఎలా దిగను?

ఆ కోపంతోనే బుధవారం పని మొదలుపెట్టాను. ముందు డీజిల్. నీళ్ళు కలిసిందేమోనని గాజు సీసాలోకి పట్టి వెలుతురులో చూశాను. నువ్వులనూనెలా తేటగా ఉంది. ఫిల్టరు విప్పాను, శుభ్రం. సన్నపు ట్యూబులో గాలి బుడగలు వస్తున్నాయేమోనని అరగంట బోర్లా పడుకుని చూశాను. ఒక్క బుడగ లేదు. నా మెడ మాత్రం పట్టేసింది. తర్వాత పడవకి బయటి వైపు గొట్టం మూతి చూశాను, సముద్రపు పిట్ట గూడు పెట్టిందేమోనని. పెట్టలేదు. ఏ పిట్టయినా పెట్టి ఉంటే తిట్టుకోవడానికి ఒక మొహమైనా దొరికేది.

అసలు కోపం వచ్చేది హీటరు మీద కాదు, దీని చుట్టూ ఉన్న మనుషుల మీద. గ్యారేజీలో చెబితే ఒకడు "కొత్తది కొను" అన్నాడు. రేవులో పక్క పడవాయన "ఓ, అవి అంతే, కొత్తది కొను" అన్నాడు. కంపెనీ అమ్మాయి చెప్పింది మీరు విన్నారు. పాడైన వస్తువు పక్కన రెండు నిమిషాలు కూర్చుని నీకేమైంది అని అడిగే ఓపిక ఈ దేశంలో ఎవరికీ లేదు. మా షెడ్డులో అయితే, ముప్పై ఏళ్ళ ఎంజిను తీసుకొచ్చి "ఇది పోయిందండి" అంటే మా మేస్త్రి రెంచితో కొట్టేవాడు, ఎంజిన్ని కాదు, అన్నవాణ్ణి.

గురువారం ఆఫీసు కాగానే బావమరిది వచ్చాడు. భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో అట్టపెట్టె. తాడు మీద నడిచేవాడిలా చేతులు చాచుకుని పడవలోకి దిగాడు.

"అక్కా, ఎలా ఉంటున్నారు ఈ చలిలో?"

"నీ బేస్‌మెంట్‌లో ఉన్నట్టే ఉంది, అలవాటే" అన్నాను.

మా ఆవిడ నావైపు ఒక చూపు చూసి, "ఒరేయ్, ముందు టీ తాగు" అంది తమ్ముడితో.

"బావా, వోల్టేజ్ చెక్ చేశావా?"

"చేశాను."

"లోడ్‌లో?"

"లోడ్‌లోనే, హీటరు తిరుగుతుండగా. పన్నెండున్నర."

"నేనోసారి క్రాస్‌చెక్ చేస్తా."

"చెయ్యి. నాకు కనపడని అంకె ఏదైనా నీకు కనపడితే చెప్పు."

నా మీటరు తీసుకున్నాడు. బ్యాటరీ మీద ఆనించబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "ఆ ఎర్ర పిన్ను పక్క రంధ్రంలోకి మార్చు. లేకపోతే మీటర్ని కూడా రీప్లేస్ చెయ్యాలి."

మార్చాడు. పన్నెండున్నరే చూపించింది. అతను ఆ అంకెను లాప్‌టాప్‌లో రాసుకున్నాడు. నేను చెప్పినప్పుడు అది అంకె కాదన్నమాట.

"బావా, నేను మొత్తం రీసెర్చ్ చేశాను. ఫోరమ్‌లో నలుగురు గ్లో ప్లగ్ అని చెప్తున్నారు. అందుకే సర్వీస్ కిట్ ఆర్డర్ చేసి తెచ్చా."

గ్లో ప్లగ్ అంటే పెన్సిల్ ముక్కంత కడ్డీ. ఎర్రగా వేడెక్కి డీజిల్‌ని ముట్టిస్తుంది, అంతే దాని ఉద్యోగం. మంట ముట్టుకుంటోంది కదా, ముట్టుకున్నాక ఆరిపోతోంది కదా, అగ్గిపుల్ల మారిస్తే ఏమవుతుంది అని వాదించాను. ఫోరమ్‌లో నలుగురు అని మళ్ళీ అన్నాడు. ఆ నలుగురినీ మన పడవ ఎక్కించు, కనీసం నలుగురి ఒంటి వేడైనా ఉంటుందన్నాను. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసింది. చివరికి చుట్టరికం గెలిచింది, ప్లగ్గు మార్చాం.

హీటరు అంటుకుంది. మూడు నిమిషాలు దాటింది. అయిదు, ఎనిమిది. బావమరిది వెంటనే ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాడు: బావ హీటర్ ఫిక్స్‌డ్. పదకొండో నిమిషాన హీటరు ఆగిపోయింది. అతను మెసేజ్ డిలీట్ చేశాడు. డిలీట్ చేసినట్టు గ్రూప్‌లో అందరికీ కనపడుతుందని అతనికి నేనే చెప్పాల్సి వచ్చింది. ఎమ్మెస్ చదివినవాడికి.

"పోనీలే బావా. ఇప్పుడే కొత్త యూనిట్ బుక్ చేసేద్దాం, నెక్స్ట్ వీక్ వచ్చేస్తుంది. అప్పటిదాకా బేస్‌మెంట్ రెడీగా ఉంది. ఇద్దరు స్టూడెంట్స్ రెంట్‌కి అడుగుతున్నారు, సోమవారం దాకా ఆగమన్నా. మీకోసమే హోల్డ్‌లో పెట్టా."

"నన్ను ఈ వారమంతా అందరూ హోల్డ్‌లోనే పెడుతున్నారు. వాళ్ళని రమ్మను."

"శనివారం ఫెయిలైతే ఏం చేస్తావ్?"

"అవ్వదు."

"అక్కకి జలుబు చేసింది బావా. చూశావా అసలు?"

నేను టార్చి తీసుకుని మళ్ళీ అరలోకి దూరాను. అతను పెట్టె అక్కడే వదిలేసి, శనివారం పొద్దున కారు ఖాళీ చేసుకుని వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. సామాను ఎక్కించడానికి అని అనలేదు, అనక్కర్లేదు.

శుక్రవారం గ్యారేజీకి సెలవు పెట్టాను. మా ఆవిడ ఐసెలిన్‌లో ఓక్‌ట్రీ రోడ్డు మీద ఒక టిఫిన్ హోటల్ వంటింట్లో పనిచేస్తుంది. చీకటితో పోయి మధ్యాహ్నానికి వస్తుంది. ఆమె వెళ్ళాక హీటరు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. లాప్‌టాప్ లేదు, ఫోను లేదు. బటన్ నొక్కి కళ్ళు మూసుకున్నాను.

పంపు టిక్కు సరిగానే ఉంది, తడబాటు లేదు. అంటే డీజిల్ వస్తోంది. మంట అంటుకున్న చప్పుడు వినపడింది. అంటే ప్లగ్గు మంచిదే, పాతదీ మంచిదే. కానీ ఆ మంట గొంతులో ఏదో ఉంది. హుమ్మనే బదులు, దిండు కింద మొహం పెట్టి మాట్లాడుతున్నట్టు ఉంది. దీనికి ఊపిరాడట్లేదు. పది రోజులుగా నోరు తెరిచి అదే చెబుతోంది, నేను దాని కోడ్ చదువుతున్నాను.

హీటర్ని అరలోంచి ఊడదీసి బల్ల మీద పెట్టాను. కవర్ తెరవకండి సర్ అన్న గొంతు గుర్తొచ్చింది. తెరిచాను. బర్నరు, అంటే లోపల మంట మండే చిన్న పొయ్యి, ఉండాల్సిన చోట మసి ఉంది. కాస్త మసి కాదు. మా అమ్మ ఆముదం దీపం మీద రాగి గిన్నె బోర్లించి కాటుక పట్టేది. ఆ పొయ్యిలో వీధిలో పిల్లలందరికీ దిష్టిచుక్క పెట్టేంత కాటుక ఉంది. గాలి లోపలికి వచ్చే రంధ్రాలు సగానికి సగం పూడిపోయాయి. ప్లగ్గు చుట్టూ ఉండే చిన్న జల్లెడ తారు రోడ్డు ముక్కలా ఉంది.

అప్పుడు మొదలుపెట్టాను. దాన్ని చేసిన ఫ్యాక్టరీని తిట్టాను. డీజిల్ పోసిన బంకువాణ్ణి తిట్టాను. తెరవకుండానే రీప్లేస్ చేయమన్న అమ్మాయిని, ఆ అమ్మాయికి ఆ ముక్క నేర్పిన మహానుభావుణ్ణి తిట్టాను. మూడు నెలలకే ఇంత మసి పట్టే వస్తువును అమ్మి, సర్టిఫికెట్ ఉందా అని నన్నడుగుతారా? మా ఆవిడ పడవలోకి దిగేసరికి నేను ఒంటరిగా, నల్లటి చేతులతో, బర్నర్ని ఎత్తిపట్టుకుని దానితో మాట్లాడుతున్నాను.

"ఎవరితోనండీ?"

"చూడవే. ఎలాంటి సరుకు అంటగట్టారో చూడు. ఆ డీజిల్లో ఏం కలుపుతున్నారో."

ఆమె కోటు విప్పకుండానే వంగి చూసింది. వేలితో మసిని గీకింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"డీజిల్ది కాదిది. సన్నమంట మసి."

"ఏంటి?"

"సన్నమంట మసండీ. పొయ్యిలో కట్టెలు ముందుకి తోస్తే మంట, వెనక్కి లాగితే పొగ. రోజంతా వెనక్కి లాగి ఉంచితే కుండ అడుగు ఇలాగే ఉంటుంది. మీరు పొయ్యి ముందు ఎప్పుడు కూర్చున్నారు గనక."

"ఇది కట్టెల పొయ్యా? ఇందులో పంపుంది, ఫ్యానుంది, కంప్యూటరుంది."

"కంప్యూటరుంటే మాత్రం, మంట మంటే కదా? మరి దీన్ని సిమ్‌లో పెట్టి ఉంచారు."

"ఎవరు పెట్టారు సిమ్‌లో?"

ఆమె గోడ వైపు చూసింది. గోడ మీద హీటరు కంట్రోలరు, దాని మీద తిప్పే నాబు. ఆ నాబు ఎక్కడ ఉంచాలో ఆమెకి తెలియడానికి, మొదటిరోజే ఆమె నెయిల్ పాలిష్‌తోనే నేను ఎర్ర చుక్క పెట్టాను. ఎంతో ముచ్చటగా పెట్టాను. అన్నిటికంటే కింది గీత దగ్గర.

నా లెక్క నాకుంది. డీజిల్ డబ్బాలు మంచు పట్టిన చెక్క వంతెన మీద మోసుకురావాలి. కాబట్టి పప్పు ఉడికాక కుక్కరు కింద సిమ్‌లో పెట్టినట్టు, హీటరు కూడా అంటుకున్నాక సిమ్‌లో పెడితే డబ్బా నాలుగు రోజులు ఎక్కువ వస్తుంది. రాత్రీ పగలూ, మూడు నెలలు, సిమ్. ఈ ఉపాయాన్ని గ్యారేజీలో గొప్పగా చెప్పుకున్నాను కూడా. పెద్ద ఎంజిన్ని గంటల తరబడి ఊరికే తక్కువ స్పీడులో తిప్పితే లోపల మసి పడుతుందని పాతికేళ్ళు బోట్లవాళ్ళని తిట్టిన నోరు ఇదే. ఆ చిన్న పెట్టెలోదీ డీజిలేనని నాకు తట్టలేదు. హీటరు అనగానే వంటింటి బుద్ధి పనిచేసింది, అదీ వంటింట్లో అడుగుపెట్టని వాడి వంటింటి బుద్ధి.

"మరి నువ్వు చెప్పొచ్చు కదా?" అన్నాను. తప్పు మనదైనప్పుడు గొంతు ఎందుకో పెరుగుతుంది.

"లోపల ఇంత మసి ఉందని నాకేం తెలుసు, మూత ఇప్పుడు కదా తీశారు. చలేస్తోంది, పెంచండి అని చెప్పాను."

"ఎప్పుడు?"

"మూడుసార్లు. స్వెటర్ వేసుకో అన్నారు."

తలెత్తి గోడ వైపు చూశాను. గోడ గడియారం టైముతో పాటు లోపల ఎన్ని డిగ్రీలో కూడా చూపిస్తుంది. ఇన్నాళ్ళూ నేను అందులో టైము మాత్రమే చూశాను.

"మా తమ్ముడి బేస్‌మెంట్‌లో అరవై నాలుగు" అంది ఆమె, కోటు జేబులోంచి రుమాలు తీసి ముక్కు తుడుచుకుంటూ. "ఇక్కడ హీటరు బాగున్న రోజుల్లో యాభై ఎనిమిది. వాడు ఫోన్‌లో తిప్పేవాడు, మీరు చుక్క పెట్టారు."

బావమరిది మాట అన్నప్పుడు కోపం వచ్చింది. కంపెనీ అమ్మాయి అన్నప్పుడు వచ్చింది. ఈసారి ఎవరి మీద రావాలో దానికే తెలియక, చేతిలో ఉన్న బర్నరు మీద వచ్చింది. పాత టూత్‌బ్రష్, స్క్రూడ్రైవరు, ఒక పిన్నీసు పట్టుకుని గీకడం మొదలుపెట్టాను. రంధ్రం రంధ్రానికీ పిన్నీసు దూర్చాను. రెండు గంటలు పట్టింది. మా ఆవిడ మాత్రం ఎదురుగా కూర్చుని పొగ గొట్టాన్ని తీగతో పొడిచి, దులిపి, ఎప్పుడూ చేసే పనిలా శుభ్రం చేసింది. నేను వద్దనలేదు, సాయం అడగనూ లేదు.

అంతా అయ్యాక ఇంకో అడ్డం. బర్నరు ఒకసారి విప్పితే మధ్యలో ఉండే గ్యాస్కెట్ పనికిరాదు. పల్చటి రేకు బిళ్ళ అది, అది లేకపోతే పొగ గదిలోకే వస్తుంది. పొగ లీకైతే అరిచే అలారం మా మంచం పక్కనే ఉంది గానీ, దాన్ని పరీక్ష పెట్టే ఉద్దేశం నాకు లేదు. జల్లెడ కూడా కొత్తది కావాలి. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఎక్కడ దొరుకుతాయి?

మా ఆవిడ బెంచీ మీది అట్టపెట్టెను కాలితో నావైపు తోసింది. బావమరిది తెచ్చిన కిట్. నిన్న ప్లగ్గు తీసుకుని మిగతాది చూడకుండా పక్కన పడేశాను. లోపల చిన్న సంచిలో గ్యాస్కెట్లు రెండు, జల్లెడ ఒకటి, ఒక అదనపు స్క్రూ కూడా ఉన్నాయి. నేను వెక్కిరించిన రీసెర్చ్ నన్ను చూసి ఏమీ అనకుండా అక్కడ పడి ఉంది. అది ఏదైనా అని ఉంటే బాగుండేది, జవాబు చెప్పేవాణ్ణి.

బిగించాం. చీకటి పడే వేళకి బటన్ నొక్కాను. తెల్లపొగ, తర్వాత గొట్టంలోంచి నల్లటి పెళ్ళలు నాలుగు తుపుక్కున నీళ్ళలో పడ్డాయి. ఆ తర్వాత మంట గొంతు విప్పింది. దిండు తీసేసినట్టు. నాబు దగ్గరికి వెళ్ళి ఎర్ర చుక్కని దాటించి, చివరి దాకా తిప్పాను. కాసేపు అక్కడే నిలబడ్డాను, మళ్ళీ తనంతట తానే కిందకి వస్తుందేమోనని అలవాటు కొద్దీ.

శనివారం పదింటికి మేనేజరమ్మ క్లిప్‌బోర్డు పట్టుకుని వచ్చింది. పెద్దావిడ, భారీ మనిషి, ఎవరినైనా హనీ అంటుంది, అంటూనే పడవ ఖాళీ చేయిస్తుంది. హీటరు వెలిగించి ఆమెని దాని ఎదురుగా కూర్చోబెట్టాం. పదకొండో నిమిషం వచ్చినప్పుడు నేను గడియారం వైపు చూడలేదు. ఇరవై నిమిషాలకి ఆమె కోటు తీసింది. నలభై నిమిషాలకి కాగితంతో విసురుకుంటూ, దీన్ని కాస్త తగ్గించవచ్చా అని అడిగింది.

"తగ్గించకూడదు, మేడమ్. తగ్గిస్తే మసి పడుతుంది" అన్నాను.

ఆమె తలూపుతూ ఇంకో మాట అంది. నవంబరులో మా గొట్టం మూతి దగ్గర మసి చూసి, మీరు తక్కువలో నడుపుతున్నారేమో అని మా ఆవిడతో చెప్పిందట. మా ఆవిడ అవునని తలూపింది. నాకెందుకు చెప్పలేదని అడగబోయి, చెప్పి ఉంటే నేను ఏమనేవాణ్ణో తట్టి ఊరుకున్నాను.

గంట గడిచింది. సంతకం పెట్టి ఆమె వెళ్తుంటే, బావమరిది ఖాళీ కారుతో దిగాడు. లోపలికి రాగానే కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మింది.

"బావా, వర్క్ అవుతోందా? ఏంటి ఇష్యూ?"

"మసి."

"మసి ఎందుకొచ్చింది?"

మా ఆవిడ ఉల్లిపాయలు తరగడం ఆపింది. కత్తి అలాగే పట్టుకుని నావైపు చూసింది. ఇతనికి అబద్ధం చెప్పడం నాకు చిటికెలో పని. గ్లో ప్లగ్గే, నీ ఫోరమ్ నలుగురే కరెక్టు అంటే పొంగిపోయేవాడు కూడా.

"సిమ్‌లో పెట్టి నడిపాను. మూడు నెలలు."

"ఎందుకు?"

"ఆప్టిమైజ్ చేశాను."

అతను అద్దాలు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు. నాకు కోపమొచ్చింది, రావాలి కాబట్టి. "నవ్వింది చాలు. నీ గ్యాస్కెట్టే వేశాను. సోమవారం ఆ స్టూడెంట్స్ వస్తున్నారు కదా, ముందు ఫోన్ తీసి కింద అరవై ఎనిమిది చెయ్యి. నేను చూస్తుండగా చెయ్యి."

"బావా, స్టూడెంట్స్ యంగ్ పీపుల్, వాళ్ళకి..."

"చెయ్యరా" అంది మా ఆవిడ.

చేశాడు. మధ్యాహ్నం ఉల్లిపాయ పులుసు, వేపుడుతో మా బల్ల దగ్గరే తిని, చొక్కా పైబొత్తాం విప్పుకుని, ఎక్కించడానికి ఏ సామానూ లేని కారుతో వెళ్ళిపోయాడు.

గడియారం డెబ్భై నాలుగు చూపిస్తోంది. మా ఆవిడ రెండు స్వెటర్లూ విప్పి, మడిచి, మంచం కింద పెట్టెలో పెట్టేసింది. నాకు చెమట పడుతోంది. డీజిల్ డబ్బా వైపు చూశాను. టిక్కు టిక్కుమని ఎంత వేగంగా తాగేస్తోందో. మధ్యలో కాసేపు, ఒక్క పావుగంట, మసి పట్టనంత మాత్రం తగ్గిస్తే ఏమవుతుంది? లేచి, ఊరికే గాలి కోసం లేచినట్టు గోడ దగ్గరికి వెళ్ళాను. నా ఎర్ర చుక్క కనపడలేదు. రిమూవరుతో తుడిచేసింది. దాని బదులు ఇంకోటి ఉంది, నాబు తిరిగే చివర దగ్గర, ఇంకా తడిగా.

"చెయ్యి తియ్యండి" అంది వెనకనుంచి. "అది ఆరలేదు."

నా పడవ, నా డీజిల్, నేను బిగించిన హీటరు. చెయ్యి తీసేశాను.